పియర్సన్ 0.42 అంటే ఎక్కువా, తక్కువా?

ప్రశ్న: నేను కణజీవశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ల్యాబుల్లో పెంచే మానవ కణాలైన హీలా కణాలకు పోషకాలు అందకుండా చేస్తే మేం చదువుతున్న ఒక ప్రొటీన్ లైసోజోమ్‌లకు (కణంలో ప్రొటీన్లను జీర్ణం చేసే సంచులకు) చేరుతుందని మా అంచనా. ఆ ప్రొటీన్‌కు ఆకుపచ్చగా మెరిసే జీఎఫ్‌పీ తగిలించి, లైసోజోమ్‌లను వాటి మీద ఉండే ల్యాంప్1 ప్రొటీన్‌కు అంటుకునే యాంటీబాడీతో ఎర్రగా స్టెయిన్ చేసి, కాన్ఫోకల్ మైక్రోస్కోప్‌లో ఇమేజ్‌లు తీశాను. ఫిజీ (ఇమేజ్‌జే ఇమేజ్ విశ్లేషణ సాఫ్ట్‌వేర్)లో కోలాక్ 2 ప్లగిన్ నడిపితే మామూలు కణాలకు పియర్సన్ (రెండు రంగుల మెరుపు కలిసి పెరిగి తగ్గుతోందా అని చెప్పే సంఖ్య) 0.31, ఆకలిలో ఉంచిన కణాలకు 0.42 వచ్చింది. మాండర్స్ ఎం1 (మా ప్రొటీన్‌లో ఎంత భాగం ల్యాంప్1 ఉన్న చోట ఉందో చెప్పే సంఖ్య) మాత్రం రెండింటికీ 0.97. పియర్సన్ 0.5 దాటకపోతే కోలోకలైజేషన్ (రెండూ ఒకే చోట ఉండడం) లేనట్టేనని మా సీనియర్ అంటున్నాడు. మాండర్స్ బాగా వచ్చింది కాబట్టి అదే పెడదామని గైడ్‌గారు అంటున్నారు. ఒక్కో గుంపులో 60 కణాలు కొలిచాను, పి విలువ 0.001 కన్నా తక్కువ. అయినా రివ్యూయర్ ‘ఈ ప్రొటీన్ ల్యాంప్1తో జతకడుతుందనడానికి ఈ ఆధారం చాలదు’ అని రాశారు. ఏ సంఖ్య పెట్టాలో తెలియక చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్

సమాధానం:

ముందు ఆ 0.97ను పక్కన పెట్టేయండి. ఆకలిలో ఉన్న కణాలకూ, తిండి దొరికిన కణాలకూ ఒకే అంకె వస్తోందంటే అది మీ ప్రొటీన్ గురించి ఏమీ చెప్పడం లేదు. గైడ్‌గారికి నచ్చినా సరే, పేపర్‌లోకి వెళ్లాల్సింది అది కాదు.

కోలాక్ 2 ఇచ్చిన ఫలితాలను మళ్లీ తెరిచి చూడండి. అందులో మాండర్స్ పేరుతో రెండు జతలు ఉంటాయి. ఒకటి ఎం1, ఎం2. ఇంకోటి టీఎం1, టీఎం2. మొదటి జత లెక్కలో ‘ల్యాంప్1 ఉన్న పిక్సెల్’ అంటే ఎర్ర చానెల్‌లో విలువ సున్నాను దాటిన ప్రతి పిక్సెలూ. కాన్ఫోకల్ ఇమేజ్‌లో కచ్చితంగా సున్నా ఉన్న పిక్సెళ్లు ఎన్ని దొరుకుతాయి? డిటెక్టర్ ఆఫ్‌సెట్, నాయిస్, కణం సొంత మెరుపు, కడిగినా పోని యాంటీబాడీ, ఇవన్నీ కలిసి దాదాపు ప్రతి పిక్సెల్‌లోనూ ఎంతో కొంత అంకె మిగులుస్తాయి. కణం మొత్తాన్నీ లైసోజోమ్ అని లెక్కగడితే, మీ ప్రొటీన్ అంతా లైసోజోమ్‌లోనే ఉందని తేలడంలో వింతేముంది? టీఎం1 అలా కాదు. ఎర్ర చానెల్‌లో ఒక థ్రెషోల్డ్ పెట్టి, దానిపైన ఉన్న పిక్సెళ్లనే లైసోజోమ్‌గా తీసుకుంటుంది.

చిన్న లెక్క వేద్దాం, కాగితం మీదే చేసుకోవచ్చు. ఒక కణంలో 100 పిక్సెళ్లున్నాయనుకోండి. వాటిలో 10 లైసోజోమ్ పిక్సెళ్లు. మీ ప్రొటీన్ 8 పిక్సెళ్లలో ఉంది, ఒక్కోదాంట్లో మెరుపు 100. ఆ ఎనిమిదిలో నాలుగు లైసోజోమ్ మీద పడ్డాయి. అంటే అసలు జవాబు సగం, 0.5. ఇప్పుడు రెండు చానెళ్లలోనూ ప్రతి పిక్సెల్‌కూ 10 చొప్పున బ్యాక్‌గ్రౌండ్ కలపండి. థ్రెషోల్డ్ లేకుండా కొలిస్తే ఎం1 విలువ 1.0. మీకొచ్చిన 0.97 ఈ జాతిదే. థ్రెషోల్డ్ పెట్టి, ఆకుపచ్చ చానెల్‌లో బ్యాక్‌గ్రౌండ్ తీసేయడం మర్చిపోతే? మొత్తం ఆకుపచ్చ మెరుపు 1800, లైసోజోమ్ పిక్సెళ్లలో ఉన్నది 500. జవాబు 0.28. రెండూ సరిగా చేస్తేనే 0.5 వస్తుంది. ఒకే ఇమేజ్, ఒకే ఫార్ములా, మూడు జవాబులు. బ్యాక్‌గ్రౌండ్ ఎప్పుడూ సంఖ్యను పెంచుతుందని చాలామంది అనుకుంటారు. చూశారుగా, తగ్గించగలదు కూడా.

ఇదే ఉదాహరణకు పియర్సన్ కట్టండి. సుమారు 0.39 వస్తుంది. ప్రొటీన్‌లో సరిగ్గా సగం లైసోజోమ్‌లో ఉన్నా 0.39 మాత్రమే. మీ సీనియర్ చెప్పిన 0.5 గీత ప్రకారం ఇక్కడ కోలోకలైజేషన్ లేదు! ఆ గీతను ఎవరూ శాస్త్రీయంగా గీయలేదు. ల్యాబుల్లో నోటిమాటగా తిరుగుతోంది, అంతే. పియర్సన్ విలువ ప్రొటీన్ ఎన్ని చోట్ల పంచుకుని ఉంది, నాయిస్ ఎంత, కొలిచిన ప్రాంతం ఎంత అనే వాటన్నిటి మీదా ఆధారపడుతుంది. అందుకే ఒక ల్యాబులో 0.42, మరో ల్యాబులో 0.42 ఒకటి కావు. మీ 0.42 ఎక్కువో తక్కువో మీ కంట్రోల్స్ మాత్రమే చెప్పగలవు. ఆ సంగతికి కాసేపట్లో వస్తాను.

పియర్సన్ అడిగే ప్రశ్న, మాండర్స్ అడిగే ప్రశ్న వేరువేరు. ఒక చానెల్‌లో మెరుపు పెరిగిన చోట రెండోదాంట్లో కూడా అదే పాళ్లలో పెరుగుతోందా అన్నది పియర్సన్ అడుగుతుంది. రెండు ప్రొటీన్లు ఒకే సముదాయంలో, దాదాపు స్థిరమైన నిష్పత్తిలో ఉంటాయని మీ ఊహ అయితే అది సరైన కొలత. మాండర్స్ బృందం 1993లో ఇచ్చిన ఎం1, ఎం2 అడిగేది ఇంకోటి: మొదటి ప్రొటీన్ మొత్తంలో ఎంత భాగం, రెండోది ఉన్న చోట ఉంది? మీ ప్రశ్న ‘ఆకలి వేసినప్పుడు ప్రొటీన్ లైసోజోమ్‌లకు చేరుతోందా’ కదా. అది ‘ఎంత భాగం’ అనే ప్రశ్నే. ల్యాంప్1 ఎక్కువున్న లైసోజోమ్‌లో మీ ప్రొటీన్ కూడా ఎక్కువుండాలన్న నియమం ఏదీ లేదు. కాబట్టి మీ ప్రధాన సంఖ్య సరిగా థ్రెషోల్డ్ పెట్టి, బ్యాక్‌గ్రౌండ్ తీసి కట్టిన ఎం1. పియర్సన్‌ను తోడుగా ఇవ్వండి, తప్పులేదు. ఎం2 మీ ప్రశ్నకు అక్కర్లేదు; ఎన్ని లైసోజోమ్‌లలో మీ ప్రొటీన్ ఉందన్నది వేరే కథ. మాండర్స్ పేరు మీద ‘ఓవర్‌ల్యాప్ కోఎఫిషియెంట్’ అని ఇంకొకటి కూడా తిరుగుతుంటుంది. దాన్ని ఎం1తో కలగాపులగం చేయకండి. అది బ్యాక్‌గ్రౌండ్‌కు మరీ లొంగిపోతుంది, నేనైతే వాడను.

థ్రెషోల్డ్ ఎలా పెట్టాలన్నదే అసలు తలనొప్పి. కోలాక్ 2లో ఉన్న ఆటో థ్రెషోల్డ్ 2004లో కోస్టెస్ బృందం ఇచ్చిన పద్ధతి. రెండు చానెళ్ల విలువలకు ఒక సరళరేఖ గీసి, ఆ రేఖ వెంబడి థ్రెషోల్డ్‌ను కిందికి దించుకుంటూ వస్తుంది. దాని కింద మిగిలిన పిక్సెళ్లలో పియర్సన్ సున్నాకు చేరగానే ఆగుతుంది. మన ఇష్టం జొరబడకుండా చేస్తుంది కాబట్టి రివ్యూయర్లకు ఇష్టం. కానీ రెండు చానెళ్ల మధ్య అసలు సంబంధం బలహీనంగా ఉన్నప్పుడు ఈ పద్ధతి తడబడుతుంది. మీలా ప్రొటీన్ కొంత లైసోజోమ్‌లో, కొంత సైటోసోల్‌లో పరుచుకుని ఉన్నప్పుడు కొన్ని ఇమేజ్‌లలో థ్రెషోల్డ్ బ్యాక్‌గ్రౌండ్ దాకా దిగిపోవచ్చు. అప్పుడు మళ్లీ ఆ 0.97 కథే. అందుకే సాఫ్ట్‌వేర్ ఇచ్చిన థ్రెషోల్డ్‌తో ఒక మాస్క్ తయారుచేసి, ల్యాంప్1 ఇమేజ్ పక్కన పెట్టి కళ్లతో చూడండి. మాస్క్‌లో లైసోజోమ్‌లు చుక్కలుగా విడివిడిగా కనిపిస్తే సరే. కణమంతా తెల్లగా నిండిపోతే ఆ థ్రెషోల్డ్‌ను నమ్మొద్దు. అలాంటప్పుడు కొన్ని ఇమేజ్‌ల మీద ఒక నియమం ఖరారు చేసుకుని, అదే నియమాన్ని అన్ని ఇమేజ్‌లకూ వాడండి. రెండు గుంపులకు రెండు నియమాలు పెట్టకూడదు. ఏ ఇమేజ్ ఏ గుంపుదో తెలియకుండా ఫైళ్ల పేర్లు వేరొకరితో మార్పించి కొలవడం ఇంకా మంచిది.

ఇక మీ ప్రయోగానికే ప్రత్యేకమైన మూడు చిక్కులున్నాయి. పాఠ్యపుస్తకాల్లో కోలోకలైజేషన్ గురించి చదివితే ఇవి తగలవు, కానీ మీ అంకెలను ఇవే ఎక్కువగా పాడుచేస్తుండవచ్చు.

మొదటిది జీఎఫ్‌పీ. మామూలుగా వాడే ఈజీఎఫ్‌పీకి ఆమ్లం పడదు. దాని పీకేఏ, అంటే మెరుపు సగానికి పడిపోయే పీహెచ్, దాదాపు 6. లైసోజోమ్ లోపల పీహెచ్ 4.5 నుంచి 5. అంటే మీ ప్రొటీన్ లైసోజోమ్ లోపలికి వెళ్లగానే, బతికున్న కణంలో దాని మెరుపు చాలావరకు ఆరిపోతుంది. ఆటోఫేజీ (కణం తన భాగాలనే జీర్ణం చేసుకోవడం) చదివేవాళ్లు దానికి గుర్తుగా వాడే ఎల్‌సీ3 ప్రొటీన్‌కు ఎర్ర ప్రొటీన్, జీఎఫ్‌పీ రెండూ కలిపి తగిలించి వాడుకునేది ఈ గుణాన్నే: లైసోజోమ్‌తో కలిశాక ఆకుపచ్చ పోయి ఎరుపు మిగులుతుంది. ఫిక్స్ చేసి తటస్థ బఫర్‌లో ఉంచితే మెరుపు కొంత తిరిగొస్తుంది గానీ, అప్పటికే లోపలి ఎంజైములు ముక్కలు చేసిన ప్రొటీన్ తిరిగి రాదు. కాబట్టి మీరు కొలవాలనుకున్న చోటే మీ సిగ్నల్ బలహీనంగా ఉంది. జీఎఫ్‌పీకి యాంటీబాడీ పెట్టి, ఆ యాంటీబాడీ రంగును కొలవండి. లేదంటే ఆమ్లాన్ని తట్టుకునే ఎంచెర్రీ అనే ఎర్ర ప్రొటీన్ తగిలించి, ల్యాంప్1ను వేరే రంగులోకి మార్చండి. బాఫిలోమైసిన్ ఎ1 ఇచ్చిన ఒక గుంపును కూడా పెట్టుకోండి. అది లైసోజోమ్ ఆమ్లాన్ని తగ్గిస్తుంది, ప్రొటీన్ విచ్ఛిన్నాన్నీ ఆపుతుంది. బాఫిలోమైసిన్‌తో ఎం1 గట్టిగా పెరిగితే, మీ ప్రొటీన్ ఇంతకాలం లైసోజోమ్‌కు చేరుతూ, చేరగానే మాయమవుతోందని అర్థం. నా అంచనా ప్రకారం మీ పేపర్‌ను నిలబెట్టే ప్రయోగం ఇదే కావచ్చు.

రెండోది ల్యాంప్1 ఉండే చోటు. అది లైసోజోమ్ పొర మీద ఉంటుంది. మీ ప్రొటీన్ లోపలికి వెళ్తే మధ్యలో ఉంటుంది. చిన్న లైసోజోమ్‌లో ఈ తేడా కనపడదు, ఎందుకంటే మన కాన్ఫోకల్‌కు అంత చూపు లేదు. 1873లో ఎర్నెస్ట్ అబ్బె చెప్పిన హద్దు ప్రకారం 1.4 ఎన్ఏ (కాంతిని సేకరించే సామర్థ్యం) ఉన్న ఆబ్జెక్టివ్ లెన్స్‌తో జీఎఫ్‌పీ కాంతికి అడ్డంగా 180 నానోమీటర్లు. వాస్తవంగా 200 నుంచి 250 వస్తే సంతోషించాలి. నిలువుగా అయితే 500 పైనే. కానీ లైసోజోమ్ ఉబ్బి మైక్రాన్ సైజుకు వస్తే ల్యాంప్1 ఎర్రటి ఉంగరంలా, మీ ప్రొటీన్ దాని మధ్యలో ఆకుపచ్చ చుక్కలా విడిగా కనిపిస్తాయి. పిక్సెల్ లెక్కలో అవి కలవలేదు. పియర్సన్ తగ్గుతుంది, ఎం1 కూడా తగ్గుతుంది. కంటికేమో ప్రొటీన్ లైసోజోమ్ లోపలే కనపడుతోంది! లైసోజోమ్‌లను ఉబ్బించే క్లోరోక్విన్ మందు ఇచ్చిన కణాల్లో ఇది మరీ బాగా కనిపిస్తుంది. మీ ఇమేజ్‌లలో ఉంగరాలున్నాయేమో చూడండి. ఉంటే ల్యాంప్1 మాస్క్‌లో రంధ్రాలను నింపి, అప్పుడు ఎం1 కట్టండి. ఇమేజ్‌జేలో దానికి ‘ఫిల్ హోల్స్’ ఉంది. ఈ పని చేసినట్టు మెథడ్స్‌లో తప్పక రాయండి.

మూడోది లైసోజోమ్‌ల జాగా మార్పు. పోషకాలు లేనప్పుడు హీలా కణాల్లో లైసోజోమ్‌లు అంచుల నుంచి కేంద్రకం దగ్గరికి వచ్చి గుమిగూడతాయి. ఇది అందరికీ తెలిసిన సంగతే. కేంద్రకం చుట్టూ కణం మందంగా ఉంటుంది, గాల్జీ కూడా అక్కడే ఉంటుంది, రకరకాల సరుకు ఇరుకులో కిక్కిరిసి ఉంటుంది. అంత ఇరుకులో మీ ప్రొటీన్‌కు లైసోజోమ్‌తో ఏ సంబంధమూ లేకపోయినా పిక్సెళ్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. మీ 0.31 నుంచి 0.42కు వచ్చిన పెరుగుదలలో ఎంత భాగం ప్రొటీన్ నిజంగా చేరడం వల్ల వచ్చింది, ఎంత భాగం ఈ గుమిగూడడం వల్ల వచ్చింది? ఇప్పుడున్న డేటాతో ఎవరూ చెప్పలేరు. నేను రివ్యూయర్‌నైతే ముందు అడిగే ప్రశ్న ఇదే. మీ రివ్యూయర్ అడగకపోవడం మీ అదృష్టం.

జవాబు కంట్రోల్స్‌లో ఉంది. రెండు గుంపుల్లోనూ, అంటే ఆకలితోనూ ఆకలి లేకుండానూ, ఒట్టి జీఎఫ్‌పీ మాత్రమే ఉన్న కణాలను కూడా ఇమేజ్ చేయండి. దాని ఎం1 మీ నేల. వీలైతే లైసోజోమ్‌కు వెళ్లదని తెలిసిన, చుక్కలుగా కనిపించే మరో ప్రొటీన్‌ను కూడా పెట్టుకోండి. ఒట్టి జీఎఫ్‌పీ కణమంతా పలచగా పరుచుకుంటుంది కాబట్టి దానితో పోలిక పూర్తిగా సరిపోదు. పైకప్పు కోసం ల్యాంప్1, ల్యాంప్2 రెంటినీ రెండు రంగుల్లో స్టెయిన్ చేయండి. రెండూ లైసోజోమ్ పొర మీదే ఉండేవి కాబట్టి మీ మైక్రోస్కోప్, మీ స్టెయినింగ్, మీ నాయిస్‌తో అందుకోగల గరిష్ఠం అక్కడ తెలుస్తుంది. అది 1.0 రాదు, గుర్తుంచుకోండి. నాయిస్ వల్ల పియర్సన్ ఎప్పుడూ కిందికే పడుతుంది. ఇప్పుడు మీ సంఖ్య నేలకు ఎంత పైన ఉంది, పైకప్పుకు ఎంత కింద ఉంది అని చెప్పగలరు. అప్పుడే 0.42 ఎక్కువా తక్కువా అన్న ప్రశ్నకు జవాబుంటుంది.

కొత్త స్లైడ్‌లు తయారయ్యేలోపు ఉన్న ఇమేజ్‌లతోనే చేయగలిగే పరీక్షలు రెండున్నాయి. కణం లోపల ఒక చతురస్రం తీసుకుని ఒక చానెల్‌ను 90 డిగ్రీలు తిప్పి మళ్లీ ఎం1 కట్టండి. యాదృచ్ఛికంగా ఎంత కలుస్తుందో దాదాపుగా తెలుస్తుంది. పైన వేసిన లెక్కలో లైసోజోమ్‌లు కణంలో పదో వంతు ఆక్రమించాయి కాబట్టి, కణమంతా సమంగా పరుచుకున్న ప్రొటీన్‌కు కూడా ఎం1 0.1 వస్తుంది. లైసోజోమ్‌లు ఉబ్బి పావు వంతు ఆక్రమిస్తే ఏ కారణమూ లేకుండానే 0.25. కాబట్టి ఎం1 పక్కన లైసోజోమ్ మాస్క్ కణంలో ఎంత విస్తీర్ణం ఆక్రమించిందో కూడా రాయడం అలవాటు చేసుకోండి. రెండో పరీక్ష 1996లో వాన్ స్టీన్‌సెల్ బృందం వాడినది. ఒక చానెల్‌ను అటూ ఇటూ ఒక్కో పిక్సెల్ చొప్పున జరుపుతూ పియర్సన్ ఎలా మారుతుందో గ్రాఫ్ గీస్తారు. నిజమైన కోలోకలైజేషన్ ఉంటే శిఖరం సున్నా దగ్గర ఉంటుంది. శిఖరం రెండు మూడు పిక్సెళ్లు పక్కకు ఉంటే మీ రెండు రంగులు మైక్రోస్కోప్‌లోనే ఒకదానిపై ఒకటి సరిగా కూర్చోవడం లేదు. అప్పుడు 0.1 లేదా 0.2 మైక్రాన్ల బహురంగు పూసలను ఇమేజ్ చేసి ఆ జరుగుడును సరిచేసుకోవాలి. ఈ గ్రాఫ్ గీయడానికి జాకాప్ ప్లగిన్ ఉంది, నిమిషాల పని.

కోలాక్ 2లో మరో చోట చాలామంది బోల్తా పడతారు. అందులో ‘కోస్టెస్ పి విలువ’ అని ఒకటి వస్తుంది. ఒక చానెల్‌ను చిన్న చిన్న ముక్కలుగా కోసి చెల్లాచెదురు చేసి, అలా చేసిన ఇమేజ్‌లతో వచ్చే పియర్సన్‌ను మీ అసలు పియర్సన్‌తో పోల్చి చెప్పేదది. అక్కడ 1.00 అని వస్తే మంచిదని అర్థం: చెల్లాచెదురు చేసిన ఏ ఇమేజ్‌కూ మీ అంత విలువ రాలేదు. మామూలు పి విలువలా అనుకుని 1.00 చూసి దిగులు పడేవాళ్లున్నారు, 0.02 చూసి పండగ చేసుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ ముక్కల సైజు మీ మైక్రోస్కోప్ రిజల్యూషన్‌కు తగ్గట్టు ఉండాలి. ఉదాహరణకు పిక్సెల్ 80 నానోమీటర్లయితే మూడు పిక్సెళ్లు సరిపోతాయి. ఇక ఈ విలువ ఒక ఇమేజ్ గురించే. మీ రెండు గుంపుల మధ్య తేడాకు ఇది జవాబు కాదు.

ఆ తేడా గురించి. 60 కణాలు అన్నారు, కానీ ఎన్ని వేర్వేరు రోజుల్లో ఎన్ని వేర్వేరు ప్రయోగాలు చేశారో రాయలేదు. అంతా ఒకే ప్లేట్ అయితే మీ ‘ఎన్’ 60 కాదు, 1. ఒకే డిష్‌లోని కణాలు ఒకే మీడియం, ఒకే యాంటీబాడీ డైల్యూషన్, ఒకే రోజు లేజర్ పంచుకుంటాయి. వాటిని విడివిడి సాక్షులుగా లెక్కిస్తే పి విలువ ఉట్టినే చిన్నదైపోతుంది. మూడు వేర్వేరు ప్రయోగాలు, ఒక్కోదాంట్లో గుంపుకు 20 కణాలు తీసుకుని, ప్రతి ప్రయోగానికి ఒక సగటు కట్టి, ఆ సగటులను జతలుగా పోల్చండి. అన్ని కణాలనూ చుక్కలుగా, ప్రయోగానికో రంగులో, వాటి మీద సగటులు పెద్ద చుక్కలుగా చూపే పద్ధతిని సూపర్‌ప్లాట్ అంటారు. 2020 నుంచి బాగా వాడుకలోకి వచ్చింది, రివ్యూయర్లు కూడా ఇష్టపడుతున్నారు. పియర్సన్ విలువల సగటు తీసేముందు వాటిని ఫిషర్ జడ్‌కు (సగటు తీయడానికి అనువైన రూపానికి) మార్చండి. ఎం1కు అది అవసరం లేదు.

కొలిచే ప్రాంతం మీద ఒక మాట. మీరు ఒక్కో కణం చుట్టూ గీత గీశారా, లేక మొత్తం ఫ్రేమ్‌ను కోలాక్‌కు ఇచ్చారా? మొత్తం ఫ్రేమ్ ఇస్తే కణాల మధ్య ఉన్న ఖాళీ రెండు చానెళ్లలోనూ చీకటే. రెండూ కలిసి చీకటిగా ఉండడాన్ని కూడా పియర్సన్ పొత్తుగానే లెక్కిస్తుంది. పైన మన 100 పిక్సెళ్ల కణానికి 900 ఖాళీ పిక్సెళ్లు కలిపితే 0.39 కాస్తా 0.44 అవుతుంది. ఆకలిలో ఉంచిన డిష్‌లో కణాలు కొన్ని ఊడిపోయి ఖాళీ ఎక్కువ ఉంటే, మీ 0.42లో కొంత ఆ ఖాళీ వల్లే వచ్చి ఉండొచ్చు. ప్రతి కణానికీ విడిగా గీత గీయండి. కేంద్రకాన్ని కూడా వదిలేయడం మేలు. లైసోజోమ్‌లు అందులో ఎలాగూ ఉండవు, కానీ జీఎఫ్‌పీ అక్కడికి కారుతుంటుంది.

ఇమేజ్ తీసే దశ సంగతులు మీ ఇమేజింగ్ ఫెసిలిటీ వాళ్లు చెప్పే ఉంటారు, తొందరగా దాటేస్తాను. రెండు చానెళ్లనూ ఒకదాని తర్వాత ఒకటి స్కాన్ చేయాలి, ఒకేసారి కాదు. జీఎఫ్‌పీ ఒక్కటే ఉన్న స్లైడ్, ల్యాంప్1 ఒక్కటే ఉన్న స్లైడ్ రెండు చానెళ్లలోనూ అవే సెట్టింగ్‌లతో తీసి, ఒక రంగు రెండోదాంట్లోకి కారుతోందేమో చూడాలి. జీఎఫ్‌పీ బాగా ఎక్కువ పుట్టిన కణాల్లో ఇది మరీ ముఖ్యం. అలాంటి కణాలను అసలు కొలవకపోవడమే మంచిది, ప్రొటీన్ మోతాదు మించితే దాని దారే మారిపోతుంది. 8 బిట్‌లో 255, 12 బిట్‌లో 4095 దగ్గర హిస్టోగ్రామ్ గోడలా నిలబడితే ఆ ఇమేజ్ పనికిరాదు. నిలువుగా తీసిన పొరలన్నీ కలిపేసిన ప్రొజెక్షన్ మీద కోలోకలైజేషన్ కొలవద్దు, పైన ఒకటి కింద ఒకటి ఉన్నా అందులో కలిసినట్టే కనపడతాయి. జేపెగ్ వద్దే వద్దు. మైక్రోస్కోప్ సొంత ఫైలు నుంచే కొలవండి. ఇమేజ్‌జేలో బ్రైట్‌నెస్ సర్దిన తర్వాత ‘అప్లై’ నొక్కితే పిక్సెల్ విలువలే మారిపోతాయి, జాగ్రత్త.

పేపర్‌లో పెట్టే బొమ్మకు ఆకుపచ్చ, ఎరుపు కలిపి పసుపు చూపించే అలవాటు పోవాలి. ఆ పసుపు రావడం, రాకపోవడం మీరు కాంట్రాస్ట్ ఎంత లాగారన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. రంగుల తేడా తెలియని పాఠకులకు ఆ బొమ్మ ఉత్త బురద. ఒక్కో చానెల్‌ను విడిగా నలుపు తెలుపులో, కలిపినదాన్ని ఆకుపచ్చ, మెజెంటాలో చూపించండి.

ఇక రివ్యూయర్. ఆయన లేదా ఆవిడ చెప్పింది నూటికి నూరుపాళ్లు న్యాయం. కోఠి బస్‌స్టాప్‌లో పక్కపక్కన నిలబడ్డ ఇద్దరికీ పరిచయం ఉందని మనం ఎలా చెప్పలేమో, ఒకే పిక్సెల్‌లో ఉన్న రెండు ప్రొటీన్లు అతుక్కున్నాయని అలా చెప్పలేం. మీ కాన్ఫోకల్ చూపు 200 నానోమీటర్లు, ఒక ప్రొటీన్ సైజు అయిదు నానోమీటర్ల చుట్టుపక్కల. నిజంగా జతకడుతున్నాయని చెప్పాలంటే ఫ్రెట్ (ఒక మెరిసే అణువు నుంచి ఇంకోదానికి శక్తి చేరుతోందా అని కొలిచే పద్ధతి) చేయాలి, అది 1 నుంచి 10 నానోమీటర్ల దూరంలోనే పనిచేస్తుంది. లేదా కో-ఐపీ (ఒక ప్రొటీన్‌ను యాంటీబాడీతో లాగి, రెండోది వెంట వస్తుందేమో చూడడం) చేయాలి. ప్రాక్సిమిటీ లైగేషన్ కూడా ఉంది గానీ, అది 40 నానోమీటర్ల దాకా సిగ్నల్ ఇస్తుంది. దగ్గరగా ఉన్నాయని చెప్పగలదే తప్ప తాకుతున్నాయని చెప్పలేదు.

కానీ ఒక్క క్షణం ఆగండి. ల్యాంప్1తో జతకడుతుందని నిరూపించాల్సిన అవసరం మీకు నిజంగా ఉందా? మీరు ఉత్తరంలో రాసిన అంచనా ప్రొటీన్ లైసోజోమ్‌కు చేరుతోందని. ల్యాంప్1 అక్కడ చిరునామా పలక మాత్రమే. పేపర్‌లో ఎక్కడో ‘ఇంటరాక్షన్’ అన్న మాట వాడి ఉంటారు, రివ్యూయర్ దాన్ని పట్టుకున్నారు. ఆ మాట తీసేసి ‘లైసోజోమ్‌లకు చేరుతోంది’ అని రాస్తే, మీరు చేయాల్సిన పని ఒక కో-ఐపీ నుంచి రెండు కంట్రోల్స్‌కూ, ఒక బాఫిలోమైసిన్ గుంపుకూ తగ్గుతుంది. ఇంకొక్క జాగ్రత్త: ల్యాంప్1 లేట్ ఎండోజోమ్‌ల (లైసోజోమ్‌కు ముందు దశ సంచుల) మీద కూడా ఉంటుంది. అందుకని ‘ల్యాంప్1 ఉన్న లేట్ ఎండోజోమ్, లైసోజోమ్‌లు’ అనండి, లేదా లైసోజోమ్ ఎంజైమైన కాథెప్సిన్ డి స్టెయినింగ్ ఒకటి తోడు తెచ్చుకోండి.

రివ్యూయర్‌కు ఇచ్చే జవాబు ఇలా ఉండొచ్చు: ‘జతకడుతుందన్న మా మాటకు ఈ డేటా చాలదని ఒప్పుకుంటున్నాం, ఆ మాట తొలగించాం. ల్యాంప్1 మాస్క్‌లో ఉన్న ప్రొటీన్ భాగాన్ని (ఎం1) బ్యాక్‌గ్రౌండ్ తీసేసి, అన్ని ఇమేజ్‌లకూ ఒకే థ్రెషోల్డ్ నియమంతో మళ్లీ కొలిచాం. ఒట్టి జీఎఫ్‌పీ, ల్యాంప్2 కంట్రోల్స్ చేర్చాం. పోలిక మూడు స్వతంత్ర ప్రయోగాల సగటుల మీద చేశాం.’ దీని కింద కొత్త సంఖ్యలు పెట్టండి. అవి 0.97 అంత గొప్పగా కనిపించవని గైడ్‌గారికి ముందే చెప్పి ఉంచండి. ఆయన ఒప్పుకోకపోతే పైన వేసిన 100 పిక్సెళ్ల లెక్క కాగితం మీద ఆయన ముందే వేసి చూపించండి, అయిదు నిమిషాలు పట్టదు. స్లైడ్‌ల కోసం మైక్రోస్కోప్ బుకింగ్ మాత్రం ఈరోజే పెట్టుకోండి, రివిజన్ గడువు దగ్గర పడ్డాక స్లాట్ దొరకడం కష్టం.